ఇస్త్రీ బల్ల మీద పువ్వు

మా వదిన బట్టలు కుడుతుంది. ఇంటి కింద, కారు నిలిపే చోటు పక్కనే ఆమె గది. ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, గోడకి వేలాడే సగం కుట్టిన చొక్కాలు. వదిన ఎవరితోనూ వాదించదు. కోపమొస్తే కత్తెర పక్కన పడేసి దారాన్ని పళ్ళతో కొరుకుతుంది, అంతే.

కారు తాళం ఆ గదిలోనే మేకుకి ఉంటుంది. ఎవరు కారు తీయాలన్నా ఆమె ముందు నుంచే పోవాలి.

"ఎక్కడికి?" అని అడిగేది, తల ఎత్తకుండానే.

"నువ్వేమన్నా పోలీసా వదినా?"

"చెప్తే నోటి ముత్యాలు రాలతాయా?"

చెప్పి పోయేవాళ్ళం.

అన్నయ్య రోజూ ఆఫీసు బస్సులోనే వెళ్తాడు. అయినా రెండో కారు కావాలని ఏడాదికి పైగా ఒకటే నస. మన కారు ఊరంతా తిరిగి అరిగిపోతోందంటాడు. రెండోదానికి ఉన్న చోటు వదిన గది ఒక్కటే. "గోడ కొట్టేస్తే సరి. మిషను వంటింట్లో వేసుకో, పోయిందేముంది?" అన్నాడు. కొలతలివ్వడానికి వంటింట్లోకి ఎవరొస్తారు? గది పోతే వదిన పని కూడా పోయినట్టే. అది తెలిసి కూడా మేమెవరమూ నోరు మెదపలేదు.

తెల్లారితే మేస్త్రీ వస్తాడనగా, ఆమె ఇస్త్రీ బల్ల మీది దుప్పటి తెచ్చి పై గదిలో నేల మీద పరిచింది.

ఆ దుప్పటి మాకు కొత్తేమీ కాదు. నడిమధ్యన నాలుగు రంగుల దారాలతో అరచేయంత పువ్వు, దాన్నుంచి నలువైపులా పాకిన సన్నటి తీగలు. కోడలి పనితనమని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చూపించేది.

"అత్తయ్యా, అది పువ్వు కాదు. మన ఇల్లు" అంది వదిన. తర్వాత అన్నయ్య వైపు తిరిగింది. "మీరు రెండో కారు అన్న రోజే మొదలుపెట్టాను. కారు కదిలిన ప్రతిసారీ ఇంటి నుంచి వెళ్ళిన చోటు దాకా ఒక దారం. నీలం మీది, ఆకుపచ్చ అత్తయ్యది, ఎరుపు మరిదిది, పసుపు నాది."

నేను దుప్పటి మీదికి వంగాను. పాత పుస్తకాల కోసం తిరుగుతూ ఈ ఊరి మ్యాపులు ఎన్నో చూశాను. వాటిలో మంత్రుల ఇళ్ళు కూడా ఉంటాయి, మా వీధి ఉండదు. ఇక్కడ మా బతుకంతా ఉంది. దుప్పటి అంచుదాకా నీలం తోడుగా పోయిన ఆకుపచ్చ దారం అమ్మ కంటి ఆపరేషను. మరో మూలకి పోయిన ఎరుపు, నాకు రాని ఉద్యోగం. దాని వెంటే ఒక పసుపు దారం, ఆ రోజు తోడొచ్చిన వదిన. ఊరంతా తిరిగిందన్న కారు ఇంత పెద్ద దుప్పటి మీద వేసిన తీగలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ పువ్వులోనే ఉన్నాయి: పాల దుకాణం, మందుల షాపు, మంగలి షాపు. అన్నీ మా వీధిలోవే.

"పుస్తకాల కొట్టుకి కూడా కారేనా మరిదీ?" అంది వదిన, పువ్వులోని నా ఎరుపుని వేలితో రుద్దుతూ.

"కావాలని కుట్టావు ఇదంతా" అన్నాడు అన్నయ్య.

"మీ క్షవరానికి వేసిన కుట్లు చూడండి. నెత్తి మీద వెంట్రుకలకన్నా ఎక్కువే ఉన్నాయి."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇవాళ పొద్దున పాలకి కారు తీశారుగా. ఆ కుట్టు బాకీ ఉంది, మీరే వెయ్యండి" అని వదిన సూది అందించింది.

అన్నయ్య పువ్వులో గుచ్చాడు. దిగలేదు. దారం మీద దారం పడి అక్కడ గుడ్డ చెక్కలా బిగిసిపోయింది. బొటనవేలితో గట్టిగా నొక్కాడు. టప్పున సూది విరిగింది.

చేతిలో మిగిలిన ముక్కని దుప్పటి పక్కన పెట్టాడు.

"ఇంకోటి ఉందా?"

"ఇంత దళసరికి పనికొచ్చేది అదొక్కటే. వీధి చివర దొరుకుతాయి."

లేచి కిందికి వెళ్ళాడు. మేకు మీంచి తాళం తీసిన చప్పుడు వినిపించింది. అమ్మా, నేనూ మొహాలు చూసుకున్నాం. కారు తలుపు చప్పుడు మాత్రం రాలేదు. కాసేపటికి తాళం మళ్ళీ మేకుకి తగిలిన చప్పుడు.

కిటికీలోంచి చూస్తే, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వీధిలో నడుస్తున్నాడు, ఫోను చెవికి పెట్టుకుని. అన్నయ్య ఫోను మాట్లాడితే వీధంతా వింటుంది. "మేస్త్రీ, రేపు రావద్దులే... ఊహూ, ఎల్లుండి కూడా వద్దు."

వదిన కిటికీ దగ్గరికి రాలేదు. దుప్పటి మడతపెడుతోంది. ఎన్నిసార్లు అణిచినా పువ్వు దగ్గర మడత కూర్చోలేదు. గట్టిగా, నిటారుగా లేచి నిలబడుతూనే ఉంది.