తోక తేలికైంది

ఆ విమానాల షెడ్డులో కాటా మేస్త్రి అంటే తెలియనివాళ్ళు లేరు. కాటా ఆయన ఇంటిపేరు కాదు. వాళ్ళ నాన్న కొట్ల వెంట తిరిగి త్రాసులు సరిచేసేవాడు. మీసాలు మొలవకముందే కొడుకూ ఆ పనిలో చెయ్యి పెట్టాడు. త్రాసుల నుంచి నీళ్ళ పంపులకి, పంపుల నుంచి లారీలకి, పెళ్ళయ్యాక లారీల నుంచి మామగారి విమానానికి వచ్చి చేరాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది లేదు. విప్పి చూసి, మళ్ళీ బిగించి, ఎందుకు అలా బిగించారో తల బద్దలు కొట్టుకుని నేర్చుకున్నాడు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నది చాలా తర్వాతి సంగతి.

విమానమంటే పెద్దదేం కాదు. ముందు ఒకరు, వెనక ఒకరు కూర్చునేది. రెక్కల కింద రెండు చక్రాలు, తోక కింద చిట్టి చక్రం ఒకటి. నేలమీద ఉన్నంతసేపూ ముక్కు ఆకాశానికెత్తి కూర్చుంటుంది. చూపు మందగించి మామగారు నడపడం మానేశాక, ఆయన చిన్నకూతురు, అంటే మేస్త్రికి మరదలు, నడుపుతోంది. కొండల అవతల ఆస్పత్రికి మందుల పెట్టెలు వెనక సీట్లో కట్టుకుని వెళ్తుంది, అక్కడ దింపేసి ఒక్కతే ఖాళీగా తిరిగొస్తుంది.

పోయిన వారం ఆ కొండమీద బ్యాటరీ చేతులెత్తేసింది. మీట నొక్కితే ఇంజను కిక్కురుమనలేదు. కిందనుంచి లారీ వచ్చేదాకా ఆ పిల్ల రెక్క కింద చలికి వణుకుతూ కూర్చుంది. ఇంటికి చేరాక వాళ్ళక్క నిప్పులు చెరిగింది.

"చెల్లెలు కొండమీద కూర్చుంటే మీకు ముద్ద ఎలా దిగిందండీ?" అని మొగుణ్ణి దులిపేసింది.

రేపు మళ్ళీ మందులు వెళ్ళాలి. అందుకే కొత్త బ్యాటరీ తెప్పించారు. ఆ విమానానికి పనికొస్తుందని అనుమతి ఉన్న రకమే గానీ, పాతదాని పక్కన పెడితే ఏనుగు పక్కన పిల్లిలా ఉంది. మామగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఇదేంటి అల్లుడూ, సబ్బుపెట్టా?"

"బ్యాటరీయే మామయ్యా. కొత్త రకం."

"ఇది ఇంజన్ని తిప్పుతుందా! నా గోడగడియారాన్ని తిప్పితే అదే పదివేలు."

మేస్త్రి నవ్వి పనిముట్లు అందుకున్నాడు. పనిచేసేటప్పుడు ఆయన నోటికి తాళం. బ్యాటరీ పెట్టె వెనక సీటు వెనకాల ఉంటుంది. ఒళ్ళు మడిచి దూరి, పాతదాన్ని బయటికి లాగేసరికి నడుం పట్టినంత పనైంది. కొత్తది ఆ పెట్టెలో పెడితే డబ్బాలో గోళీలా దొర్లింది. సందుల్లో గుడ్డో స్పాంజీయో కుక్కి కట్టెయ్యడం ఆయన చేతికి రాదు. అల్యూమినియం రేకు కోసి, అంచులు మడిచి, బ్యాటరీ కదలకుండా పట్టే పళ్ళెం చేశాడు. దాని పదును అంచుల్ని ఆకురాయితో రాసి, వేలితో తడిమి, మళ్ళీ రాశాడు. పైన పట్టీ వేసి బిగించాడు. తీగలు లాగినట్టు కాకుండా, వేలాడినట్టూ కాకుండా కలిపాడు.

మరదలు ముందు సీట్లో కూర్చుని మీట నొక్కింది. ముక్కుకున్న పంకా ఒక్క ఉదుటున తిరిగింది. మామగారు తెరిచిన నోరు మూయలేదు.

ఆ షెడ్డులో మామగారు పెట్టిన పద్ధతి ఒకటుంది. ఎవరు బిగించారో వాళ్ళు, ఆ తర్వాత మొదటిసారి ఎగిరేటప్పుడు వెనక సీట్లో కూర్చోవాలి. తన పనిమీద తన ప్రాణాన్నే పందెం పెట్టాలన్నమాట. మేస్త్రి ఏనాడూ దాన్ని తప్పలేదు. అందుకే చక్రాల కింద కాటాలు పెట్టి తూచేటప్పుడు కూడా, ఎగరబోయేది అలాగే గనక, మరదలు ముందూ తను వెనకా కూర్చున్నారు. మామగారు కళ్ళద్దాలు సవరించుకుని కాటాలు చదివారు. అన్నీ ఉండాల్సిన హద్దులోనే ఉన్నాయి.

"కానివ్వు బావా, పెళ్ళికూతురి ముస్తాబులా ఎంతసేపు!" అంది మరదలు.

మేస్త్రి దిగాడు. విమానాన్ని వాకిలి వైపు తిప్పడానికి, రోజూలాగే తోక దగ్గర పిడి పట్టి ఎత్తాడు. భుజం ఇంకా బిగుసుకోకముందే తోక లేచింది. ఒక్క రవ్వంత ముందు. దించాడు. మళ్ళీ ఎత్తాడు.

"దిగకు. అలాగే కూర్చో."

"ఏమైంది బావా?"

"తోక తేలికైంది."

"తేలికవుతుందనేగా ఇది కొన్నాం!"

మేస్త్రికి నాన్న గుర్తొచ్చాడు. ఏ కొట్టుకెళ్ళినా ముందు తట్టలు రెండూ ఖాళీ చేయించి, ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూసేవాడు. సరుకుతో నిండిన త్రాసును చూసి బాగుందనుకోవడం ఆయన దగ్గర చెల్లేది కాదు.

"మనం నన్ను కలిపి తూచాం," అన్నాడు మేస్త్రి. "రేపు కొండమీద పెట్టెలు దింపేశాక నీ వెనక ఎవరుంటారు?"

మరదలి నవ్వు ఆగిపోయింది. వెనక బరువు లేకుండా దిగితే ముక్కు కిందికే లాగుతుంది. బ్రేకు గట్టిగా నొక్కిందో, పంకా వెళ్ళి నేలలో దిగుతుంది. ఇవాళ బావతో ఎగిరితే అంతా సవ్యంగానే ఉండేది. ఆ ధైర్యంతోనే రేపు వెళ్ళేది.

కాటాల మీద ఆమె ఒక్కతే ఉండగా మళ్ళీ తూచారు. హద్దు దాటింది, కొంచెమే.

"అయితే ఇన్నాళ్ళూ ఆ పాత ముండమోపి..." మామగారు కుర్చీలో కూలబడ్డారు.

"కరెంటొక్కటే ఇచ్చిందనుకున్నాం మామయ్యా. నోరెత్తకుండా తోకని కూడా పట్టుకు కూర్చుంది."

అప్పుడే క్యారియరు పట్టుకొచ్చిన మేస్త్రి భార్య సంగతి విని నడుంమీద చెయ్యి పెట్టింది. "తేలికైనదని కొని, దానికి మళ్ళీ బరువు కడతారా? తెల్లారినట్టే ఉంది మీ తెలివి!"

"అంత బరువు అక్కర్లేదే. ఇటు రా." ఆమె చేతికి పొడుగాటి ఇనప గొట్టం ఇచ్చి, సరిగ్గా మధ్యలో పట్టుకోమన్నాడు. ఒక వైపు, ఆమె చేతి పక్కనే పాత బ్యాటరీ వేలాడదీస్తే గొట్టం అటు వాలింది. అది తీసేసి, అదే వైపు చిట్టచివర చిన్న సీసం ముక్క కట్టాడు. గొట్టం మళ్ళీ అంతే వాలింది.

ఆమె ముక్కవంక చూసింది, బ్యాటరీవంక చూసింది. "ఓరి దీని దుంపతెగ!" అంది మెల్లగా.

తోక చక్రానికి పైన, సరిగ్గా ఇలాంటి అవసరానికే, ఆ విమానం చేసినవాళ్ళు రెండు బోల్టు కన్నాలు వదిలారు. ఇన్నేళ్ళుగా మేస్త్రి వాటిని తుడుస్తున్నాడు, ఎందుకున్నాయో అనుకుంటూనే. ఎక్కడో, ఎప్పుడో, తను మొహం కూడా చూడని ఒక మనిషి ఈ పూట గురించి ముందే ఆలోచించాడు. ఆ కన్నాల మీద వేలు పెట్టి మెల్లగా తడిమాడు.

సీసం కరిగించి, పలక పోసి, నాన్న త్రాసులో తూచి, గోరంత గోరంత గీకి బిగించాడు. పాత బ్యాటరీ బరువులో నాలుగో వంతు కూడా లేదు ఆ పలక. తనిఖీ అధికారి వచ్చి తానూ స్వయంగా తూచుకుని సంతకం పెట్టాడు.

"ఎక్కు బావా," అంది మరదలు.

"ఎక్కను. నేనెక్కితే నీకేం తెలుస్తుంది?"

మామగారు అడ్డు చెప్తారేమోనని ఇద్దరూ చూశారు. ఆయన చేతికర్ర ఊపి పొమ్మన్నారు.

తన చెయ్యి పడ్డాక మొదటిసారి ఎగిరే విమానాన్ని మేస్త్రి నేలమీద నిలబడి ఎన్నడూ చూడలేదు. పక్కన భార్య ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. విమానం పొలాల మీదుగా తిరిగి, ఎండలో రెక్క మెరిపించి, కిందికి వాలింది. పిడికెడు సీసం ఆ పొడుగాటి ఒంటిని గాలిలో సమంగా పట్టి ఉంచింది. నేల దగ్గరయ్యేకొద్దీ ముక్కు నెమ్మదిగా పైకి లేచింది. మూడు చక్రాలూ ఒక్కసారే, దుమ్ము కూడా సరిగా లేవకుండా, నేలని తాకాయి.

ఇంజను ఆపి మరదలు తలుపు తీసింది. "బావా, తోక చెప్పినమాట వింటోంది!"

మేస్త్రి వెళ్ళి పిడి పట్టి ఎత్తాడు. భుజం బిగుసుకుంది. అప్పుడు లేచింది తోక.

"రేపు పొద్దున్నే బయల్దేరు," అన్నాడు.