ఖడ్గమృగం దగ్గర ఆగిన బస్సు

మా అమ్మాయి డాక్టరని, విదేశంలో మేముండే ఈ బ్లాక్‌టౌన్ అంతా చెప్పుకున్నాను. నిజానికి తను మెడిసిన్ రెండో ఏడాదిలోనే మానేసింది. ఇక్కడికి ఐదు గంటల దూరంలో, ఆఫ్రికా జంతువులను ఆరుబయట వదిలి పెంచే సఫారీ పార్కులో బస్సు నడుపుతూ, వాటి గురించి చెప్పే ఉద్యోగంలో చేరి మూడేళ్ళయింది. కొత్తగా పరిచయమైనవాళ్ళు "అమ్మాయి ఏం చేస్తోందండీ?" అంటే నా నోరు దానంతటదే "డాక్టరండీ" అనేసేది. వాళ్ళెవరూ తనను చూసి ఎరగరు. అదే నా ధైర్యం.

మా తెలుగు సంఘం పిక్నిక్‌కి ఆ పార్కునే ఎంచుకున్నారు. నేనే సంఘం సెక్రటరీని, రానని ఎలా అనను? మా ఆవిడ మాత్రం, "మీ తంటాలు మీరే పడండి, నేను రాను," అంది.

సఫారీ బస్సు తలుపు దగ్గర ఖాకీ చొక్కా, టోపీతో మా అమ్మాయి నిలబడి ఉంది. నన్ను చూసింది. నా వెనక వస్తున్నవాళ్ళను చూసింది.

"హలో అంకుల్, మైండ్ యువర్ స్టెప్," అంది.

వాళ్ళమ్మ అంతా చెప్పేసిందన్నమాట. నా పరువు కాపాడడానికి కన్నకూతురు నన్ను అంకుల్ అంటే, కిక్కురుమనకుండా వెళ్ళి మూడో వరుసలో కూర్చున్నాను. అంత సిగ్గు జన్మలో పడలేదు.

జిరాఫీలు, జీబ్రాలు అయ్యాయి. మలుపు తిరగగానే, పిల్లను వెంటేసుకుని ఒక ఖడ్గమృగం దారికి అడ్డంగా నిలబడి ఉంది. బస్సులో ఒకటే గోల. పిల్లల కేకలు, సెల్ఫీల కోసం పెద్దల తోపులాట. ఒకాయనైతే అద్దం మీద దబదబా బాదాడు. ఖడ్గమృగం తల దించి మావైపు తిరిగింది.

మా అమ్మాయి ఇంజను ఆపేసింది. ఇంట్లో ఏం అడిగినా ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్ల, మైకులో నింపాదిగా తెలుగులో మొదలుపెట్టింది.

"అంకుల్, అద్దం కొట్టొద్దు ప్లీజ్. అందరూ కూర్చోండి. తనకి కళ్ళు సరిగ్గా కనపడవు, చెవులే ఆధారం. బేబీ ఉంది కదా, భయపడుతోంది. మనం క్వయెట్‌గా ఉంటే తనే వెళ్ళిపోతుంది."

అందరూ కూర్చున్నారు. ఇదే జనాన్ని సంఘం మీటింగుల్లో నేను రెండు నిమిషాలు ఊరుకోబెట్టలేకపోయాను. ఆ తల్లి కాసేపు చెవులు రిక్కించి, పిల్లను ముందు నడిపించుకుంటూ గడ్డిలోకి వెళ్ళిపోయింది. గర్వంతో నా ఛాతీ ఉప్పొంగిపోయింది.

"ఎవరి పిల్లో గానీ ఎంత బాగా చెప్పిందండీ!" అంది పక్క సీటులోని ఆవిడ.

లేచి నిలబడ్డాను. "మా పిల్లేనండీ," అన్నాను, బస్సంతా వినపడేలా.

"మీ అమ్మాయి డాక్టరన్నారుగా?"

"అబద్ధం చెప్పానండీ. తను చేసే పని చెప్పుకోవడానికి నామోషీ పడ్డాను, బుద్ధి లేక."

డ్రైవరు సీటు పైనున్న అద్దంలో మా అమ్మాయి కళ్ళు తుడుచుకోవడం కనిపించింది. తర్వాత మైకు గరగరమంది.

"నాన్నా, కూర్చో. నువ్వు కూర్చుంటేనే బస్సు తీస్తా."