రమ్ము సీసా ఎవరిదని అడిగిన రోజు

ఇరవై మూడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఆ అబద్ధం ఆడడానికి గుక్క తిప్పుకున్నంత సేపు కూడా పట్టలేదు. నీలాంటి మనవాళ్ళు ఎదురుగా కూర్చున్నప్పుడల్లా నిజం చెప్పేద్దామనుకుని, వానల గురించో చెరకు కోతల గురించో మాట్లాడి లేచిపోయేవాణ్ణి. ఈ రోజు లేవను.

మా తాత తెలుగునేల నుంచి ఈ దీవికి చెరకు కూలికొచ్చాడు. మా నాన్న బాన్ అక్యూయ్ దగ్గర చెరకు తోటలో సర్దారు, కూలీల మీద పెద్ద. నన్ను పోర్ట్ లూయిస్‌లో దొరల పిల్లలు చదివే కాలేజీలో వేశాడు. మా తరగతిలో నల్లవాళ్ళం ఇద్దరమే. నేనూ, ఎమిల్ అనే క్రియోల్ కుర్రవాడూ. ఎమిల్ ముత్తాతను ఆఫ్రికా నుంచి బానిసగా పట్టుకొచ్చారు. తండ్రి రేవులో పడవలు బాగుచేసే వడ్రంగి. మా ఇద్దరికీ వెనక బల్ల. మా ఇద్దరికీ కలిపి ఒక వేరు గ్లాసు.

లెక్కల్లో ఎమిల్‌ను మించినవాడు లేడు. బహుమతుల రోజున మాత్రం అతని పేరు వేదిక మీద పిలవలేదు. సభ అయిపోయాక, మా ఇద్దరిచేతా కుర్చీలు మోయిస్తూ, అతనికి రావలసిన బహుమతి పుస్తకాన్ని గుమాస్తా చేత ఇప్పించారు. ఎమిల్ దాన్ని చంకలో పెట్టుకుని మిగతా కుర్చీలన్నీ మోశాడు.

ఆ సాయంత్రం కొట్టుకు వెళ్ళి రమ్ము కొన్నది నేను. ఎమిల్ వద్దన్నాడు. బలవంతం చేసి తాగించింది నేను. రేవు గోడ వెనక కూర్చుని మాస్టర్ల నడకలు, గొంతులు అనుకరించి కడుపు పట్టుకుని నవ్వాం. ఆ తర్వాత అవమానం జరిగినప్పుడల్లా తాగేవాళ్ళం. అంటే దాదాపు ప్రతి రోజూ.

దొరల పిల్లలు తాగరా? గుర్రప్పందాల మర్నాడు వాళ్ళు తరగతిలోనే వాంతి చేసుకునేవారు. మాస్టరు నవ్వి, వయసు అలాంటిది అనేవాడు. అదే రమ్ము, అదే కడుపు. వాళ్ళు తాగితే వయసు. మేం తాగితే జాతి. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా పళ్ళు బిగుసుకుంటున్నాయి. కానీ ఆ కోపం వెనక దాక్కునే హక్కు నాకు ఉందా?

ఒక రోజు పాఠం మధ్యలో మా బల్ల అరలో సగం సీసా దొరికింది. పొద్దున నేను పెట్టిందే. మాస్టరు దాన్ని అందరికీ కనిపించేలా పైకెత్తి, "ఎవరిది?" అన్నాడు. అడిగింది ఇద్దరినీ. చూసింది ఎమిల్‌ని.

"ఎమిల్‌ది, మస్యే," అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే భయపడ్డాననుకునేవాణ్ణి. మా నాన్న ముఖం గుర్తొచ్చిందనుకునేవాణ్ణి. కానీ నేను ఇంకో మాట కూడా అన్నాను, ఎవరూ అడక్కుండానే: "వాళ్ళ జాతే అంత, మస్యే."

ఆ మాట నేను దొరల దగ్గర నేర్చుకోలేదు. మా ఇంట్లో నేర్చుకున్నాను. అన్నం పళ్ళెం ముందు, పండగ పూట, పెళ్ళి పందిట్లో విన్నాను. మమ్మల్ని కూలీ జాతి అని ఉమ్మేవాళ్ళ మీద మండిపడుతూనే, ఇంకొకరి మీద ఉమ్మడానికి ఆ మాటను నోట్లో దాచుకున్నాం.

ఎమిల్ తల తిప్పి నన్ను చూశాడు. కాదనలేదు. ఆ రోజే అతన్ని కాలేజీ నుంచి తీసేశారు. మెట్ల మీద నేను అతని వెనక పరుగెత్తాను.

"ఎమిల్, మా నాన్న చంపేస్తాడు. అందుకే..."

"నువ్వు చెప్పకపోయినా వాళ్ళు నన్నే అనేవాళ్ళు, కమరాద్," అన్నాడు, మేం ఒకరినొకరం నేస్తమని పిలుచుకునే మాటతోనే. "కానీ చెప్పింది నువ్వు."

నేను పరీక్షలు గట్టెక్కి రేవు కచేరీలో గుమాస్తానయ్యాను. ఎమిల్ అదే రేవులో పంచదార బస్తాలు మోశాడు. లెక్కల్లో ఎవరూ మించలేని ఎమిల్! కాగితం మీద ముద్ర కోసం నా కిటికీ దగ్గరికి వస్తే మాస్టర్లను పిలిచినట్టే నన్నూ "మస్యే", అయ్యా, అనేవాడు. ఆ సాయంత్రాలు నేను తాగేవాణ్ణి. అతను మళ్ళీ సీసా ముట్టలేదని రేవులో అందరూ చెప్పేవారు. మరి తాగుబోతు జాతి ఎవరిదయ్యా?

పోయిన నెల, ఆదివారం భోజనాల దగ్గర, అదే కాలేజీలో చదివే నా కొడుకు తోటి క్రియోల్ విద్యార్థి గురించి చెబుతూ, "వాళ్ళ జాతే అంత నాన్నా," అన్నాడు. నా చెయ్యి లేచింది. కొట్టాను. కొట్టాక తెలిసింది, ఆ దెబ్బ ఎవరికి పడాలో. అంతా వాడికి చెప్పాను. వాడు పళ్ళెం తోసేసి లేచిపోయాడు.

మర్నాడు రేవుకు వెళ్ళి, అందరి ముందూ, ఎమిల్‌ని క్షమించమని అడిగాను. అతను భుజం మీది బస్తా దించలేదు.

"నాకు తెలిసిందే కదా. నాకెందుకు చెబుతావు? తెలియనివాళ్ళకి చెప్పు."

క్షమించానని అనలేదు. అనాలని కోరే మొహం నాకు లేదు. ఇదంతా కాలేజీకి ఫ్రెంచిలో రాసి, కింద నా పేరు పెట్టి పంపాను. జవాబు లేదు. రాదు కూడా. ఇక తెలియనివాళ్ళు మనవాళ్ళే. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. రమ్ము కొన్నది నేను. బల్లలో దాచింది నేను. ఎమిల్ ఏ తప్పూ చెయ్యలేదు.

చెప్పాను. గుండె ఇంకా మండుతూనే ఉంది. కానీ గొంతులో ఇప్పుడేమీ అడ్డం లేదు.