సైకిలు దిగనివాడికి పల్చటి ట్యూబు

1968 వేసవి. గరివిడిలో రైల్వే గేటు దగ్గర నా సైకిలు షాపు. ఫ్యాక్టరీకి పోయేవాళ్లు, సంతకు బస్తాలు మోసేవాళ్లు, అందరిదీ ఒకటే మాట: మందంగా ఉన్న ట్యూబు వెయ్యి, తుమ్మముల్లు గుచ్చినా ఇల్లు చేరాలి. కలకత్తా ఏజెంటు ఒకడు నాకు కొన్ని రేసు ట్యూబులు అంటగట్టి పోయాడు. పల్చటి రబ్బరు, తూకం బాగా తక్కువ. కొనేవాడు లేక బీరువాలో పడి ఉండేవి. చూసినప్పుడల్లా వాణ్ని తిట్టుకునేవాణ్ని.

వాటిని కోరి అడిగిన మొదటి మనిషి సింహాచలం. ఊరూరా సైకిలు ఆట ఆడేవాడు. ఆ ఆట ఇప్పటి పిల్లలకి తెలియదు. మైదానం మధ్యలో కర్ర పాతి, దాని చుట్టూ వారం రోజులు కాలు కింద పెట్టకుండా తిరగాలి. తిండి, స్నానం, గడ్డం గీసుకోవడం, కునుకు, అన్నీ సైకిలు మీదే. మిగతా అవసరాలకి గోనెపట్టాలు చాటు కట్టేవారు, అందులోకీ సైకిలు మీదే వెళ్లేవాడు మహానుభావుడు.

“పల్సటి టూబులు ఎయ్యండి బాబూ. మూడోనాటికల్లా సక్రం బరువు కాళ్లకి తెలిసిపోతాది,” అన్నాడు.

“పల్సటి రబ్బర్లోంచి గాలి ఊరికే దిగిపోతాదిరా. రెండ్రోజులకోపాలి కొట్టాల. నువ్వేమో దిగవు!”

“కాలు దించకుండానే సైకిలు నిలబెడతాను. మీరు కొట్టీండి.”

ఈసారి ఆట వెనక ఒక పందెం ఉంది. అతని మావ పోలినాయుడు పాతపట్నం దగ్గర రైతు. అల్లుడు గారడీవాడిలా ఊళ్లు తిరగడం ఆయనకి తలవంపులు. “నా కళ్లెదురుగా ఆడు. కాలు కింద పెట్టావంటే ఈ ఆటలు కట్టిపెట్టి నా యెనక వచ్చి నాగలి పట్టాల. పెట్టకపోతే మరి నోరెత్తను,” అన్నాడట. షాపు బాబు, అంటే నేను, తప్ప ఇంకొకడు సైకిలు దరికి రాకూడదని షరతు కూడా పెట్టాడు.

“నాగలి పట్టడం తప్పేటి కాదు బాబూ. ఈ సైకిలు దిగితే మరి నాను నాను కాను,” అన్నాడు సింహాచలం. ఆ మాటకి నాకు జాలి వేసింది.

మనసు పెట్టి బిగించాను. రిమ్ములోకి పొడుచుకొచ్చిన చువ్వల మొనలు ఆకురాయితో అరగదీసి, వాటి మీద కొత్త రిమ్ టేపు చుట్టాను. టైరు లోపల వేలితో తడిమి విరిగిన ముళ్లు ఏరేశాను. ట్యూబు టైరుకి అంటుకోకుండా ఫ్రెంచ్ చాక్ అనే మెత్తటి పొడి రాసి, ముడత పడకుండా కొంచెం గాలి పట్టించి లోపల పెట్టాను. టైరు అంచు చివరిదాకా బొటనవేళ్లతోనే ఎక్కించాను. ఇనప లీవరు వేస్తే పల్చటి ట్యూబు నొక్కుకుపోయి చిరుగుతుంది. గాలి వెనక్కి రాకుండా ఆపే చిన్న రబ్బరు గొట్టాన్ని వాల్వ్ ట్యూబు అంటాం, అదీ కొత్తదే తొడిగాను.

మా ఊరి మైదానంలో ఆట మొదలైంది. రెండోనాడు అతను సైకిలు కదలకుండా నిలబెట్టాడు, నేను ఒక చేత్తో పంపు గొట్టం వాల్వుకి నొక్కి పట్టి, ఇంకో చేత్తో పంపు కొట్టాను. జనం ఈలలు వేశారు. నాలుగోనాటికి సంగతి వేరు. మిట్టమధ్యాహ్నం, రోహిణి ఎండ. మనిషి కళ్లు గుంటలు పడ్డాయి, వెనక చక్రం నేలకి అణిగిపోయింది.

“బాబూ, ఎనక సక్రం లాగేస్తన్నాది!”

పంపు తీసుకుని పరిగెత్తాను. సైకిలు నిలబెట్టాడు గాని హ్యాండిలు గజగజ వణుకుతోంది. గొట్టం జారిపోయింది. పడబోయి, తొక్కి ఇంకో చుట్టు తిరిగొచ్చాడు. మళ్లీ జారింది. రెండు చేతులతో గొట్టం పట్టుకుంటే తప్ప నిలవదు. మరి పంపు కొట్టేదెవరు? చుట్టూ అంత జనం ఉన్నారు, షరతు తలుచుకుని ఒక్కడూ కదల్లేదు.

“ఇంకో సుట్టు నావల్ల కాదు బాబూ,” అన్నాడు సింహాచలం.

చాప మీద కూర్చున్న పోలినాయుడు చుట్ట పారేసి లేచాడు. తువ్వాలు నడుముకి బిగించి నా పక్కకొచ్చాడు.

“నువ్వు గొట్టం పట్టు బాబూ, నాను కొడతాను. ఒరే, కిందికి సూడకు! నా మొకం సూడు!”

అల్లుడు ఆయన మొహం మీదే చూపు నిలిపాడు. వణుకు తగ్గింది. ఆయన రొప్పుతూ కొట్టాడు. చక్రం లేచింది, సింహాచలం కదిలాడు.

“కూకుండిపోతే పందెం నీదే కదా నాయుడుగారూ?” అన్నాను.

“ఒళ్లు అలిసి దిగితే ఓడినట్టు. గాలి లేక దిగితే అదేటి ఓడిపోడం?” అన్నాడు మొహం తుడుచుకుంటూ. నాకాయన కాళ్లకి దండం పెట్టాలనిపించింది.

వారం నిండింది. ఆఖర్న నేల మీద కాలు పెట్టగానే సింహాచలం మోకాళ్లు మడతపడ్డాయి. పోలినాయుడే పట్టుకున్నాడు. ఇచ్చిన మాట ప్రకారం మరి నోరెత్తలేదు.

ఆ మైదానం నిండా ఇప్పుడు ఇళ్లే. అటు వెళ్తే ఆ వేసవి గుర్తొచ్చి బెంగ పట్టుకుంటుంది. అప్పటిదాకా ట్యూబు ఎంచడానికి బరువూ దారీ చూస్తే చాలనుకునేవాణ్ని. ఆ తర్వాత ఎవరు పల్చటి ట్యూబు అడిగినా, “గాలి కొట్టడానికి నీకు మనిషున్నాడేటి?” అని అడిగేవాణ్ని. వేళాకోళమనుకుని నవ్వేవారు. నేను నిజంగానే అడిగేవాణ్ని.