నీలం టీ షర్టులు

మా హార్టికల్చర్ కాలేజీలో మార్కులు బాగా వచ్చినవాళ్ళకి ఒక క్లబ్బు ఉండేది. దానికి కాగితం మీద చాంతాడంత పేరుంది గానీ, మేం టాపర్ల క్లబ్బనే పిలిచేవాళ్ళం. మొక్కలకి అంట్లు కట్టే పోటీలు, బడిపిల్లలకి పెరటితోట పాఠాలు, ఏడాదికోసారి పొలాల యాత్ర. మూడో ఏడు నన్నూ చేర్చుకున్నారు. ఆ ఆదివారం మా నాన్న చర్చిలో లేచి నిలబడి, ఇది దేవుడు చేసిన మేలని అందరి ముందూ సాక్ష్యం చెప్పాడట. విని సిగ్గుతో చచ్చిపోయాను. లోపల మాత్రం సంతోషంగానే ఉంది.

ఆ ఏడు యాత్ర మా ఊరున్న వినుకొండ వైపు. క్లబ్బు చూసుకునే ప్రొఫెసర్ గారు, చివర్లో మీ మిరప చేను కూడా చూద్దామమ్మా అన్నారు. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను.

"అయితే భోజనం మన దగ్గరే చెయ్యమను. తింటారంటావా?"

ఆ చివరి మాట ఎందుకన్నాడో నాకు తెలుసు. నాన్న చిన్నప్పట్నుంచీ పెద్ద రైతుల చేలల్లో కూలికి పోయినవాడు. వాళ్ళు గట్టు మీద పెట్టింది దూరంగా కూర్చుని తిన్నాడు. మా ఇంట్లో వండింది వాళ్ళెవరూ ముట్టలేదు. ఇప్పుడు తను కౌలుకి చేస్తున్న చేలో, ప్రొఫెసర్లకి తన చేత్తో విస్తరి వెయ్యాలని ఆయన ఆశ.

"ఎందుకు తినరు నాన్నా, శుభ్రంగా తింటారు" అన్నాను. నిజానికి నాకేం తెలుసు?

ఇక యాత్రకి టీ షర్టులు. ఏ రంగు అంటే అందరం నీలానికే చేతులెత్తాం. ఆ ఏడు మిరపని పీల్చి చంపుతున్నది నల్ల తామర పురుగు. నువ్వుగింజలో సగం ఉండదు. పూలల్లో దూరిందంటే పూతంతా రాలిపోవాల్సిందే. దానికి నీలం రంగంటే పిచ్చి. అందుకే రైతులు చేలో నీలం జిగురు అట్టలు వేలాడదీస్తారు. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు కొట్టేసినవాళ్ళమే మేమంతా! ఒక్క బుర్రా వెలగలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా?

మొదట పురుగు పట్టిన చేనుకి తీసుకెళ్ళారు. ఆకులు ముడుచుకుపోయి, చెట్ల కింద పూత పరుచుకుని ఉంది. ఒక పువ్వు తెంపి అరచేతిలో దులిపితే నల్లగా పాకాయి. "చూసుకోండమ్మా, ఇంకేముంది ఇందులో" అని ఆ రైతు పక్కకెళ్ళి కూర్చున్నాడు. మేం చేలో నడుములోతు దాకా దిగి, ఫోటోలు తీసుకుని, బస్సెక్కాం.

దారిలో ముందు సీట్లో ఉన్న నా స్నేహితురాలి భుజం మీద నలకలు కనిపించాయి.

"ఏమే, నీ చొక్కా మీద ఏంటవి?"

"దుమ్మేమోలేవే."

"దుమ్ముకి కాళ్ళుంటాయా?"

నా చేతుల వైపు చూసుకున్నాను. నా మీదా ఉన్నాయి. అందరి మీదా ఉన్నాయి.

బస్సు మా చేను దగ్గర ఆగింది. నాన్న క్రిస్మస్‌కని కొనుక్కున్న చొక్కా ముందే వేసుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడు. చేనుకి ఆ చివర వేపచెట్టు కింద చర్చి నుంచి తెచ్చిన కుర్చీలు వేసి ఉన్నాయి. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. నాటుకోడి పులుసు వాసన రోడ్డు దాకా వస్తోంది. అక్కడికి పోవాలంటే చేలోంచే పోవాలి, వేరే దారి లేదు. చేను నిండా తెల్లటి పూత. పురుగు ఇంకా మా వైపు రాలేదు.

నేను బస్సు తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"సార్, ఎవరూ దిగొద్దు సార్. చొక్కాలు చూసుకోండి."

ఆయన చూసుకున్నారు. మొహం మాడిపోయింది. "గాలికి ఎగిరొచ్చే పురుగమ్మా అది. నువ్వాపితే ఆగుతుందా?"

"గాలి తెస్తే తేనివ్వండి సార్. మనం బస్సులో వేసుకొచ్చి దించొద్దు."

నాన్న తలుపు దగ్గరికొచ్చాడు. "ఏందమ్మా?" చెప్పాను.

"పర్లేదులే, రానీ. ఇంత దూరం వచ్చినోళ్ళని రోడ్డు మీంచే పంపిస్తామా?"

"వద్దు నాన్నా, పూత మీదుంది."

"పోనీ అన్నమన్నా ఇక్కడికి తెస్తాం. ఎంతసేపండీ, చిటికెలో తెస్తాం" అన్నాడు సార్‌తో.

సార్ వాచీ చూసుకున్నారు. "ఎందుకండీ మీకు శ్రమ! గుంటూరు చేరేసరికి పొద్దుపోతుంది. ఇంకోసారి వస్తాంలెండి."

పొద్దుపోతుందనే అన్నారో, మనసులో అమ్మయ్య అనుకున్నారో, దేవుడికే తెలియాలి. నాన్న చేతులు జోడించి "అలాగేనండి" అన్నాడు. నేనూ దిగలేకపోయాను. నా ఒంటి మీదా అదే చొక్కా. బస్సు కదిలాక వెనక్కి చూస్తే నాన్న అక్కడే నిలబడి ఉన్నాడు. నాకు ఏడుపాగలేదు.

రాత్రికి అమ్మ ఫోన్ చేసింది. వండిందంతా పేటలో పంచిపెట్టారట. నాన్న మాత్రం ముద్ద ముట్టలేదట.

క్రిస్మస్ సెలవులకి ఇంటికెళ్ళేసరికి చేనంతా ముడుచుకుపోయి ఉంది. పక్క చేల నుంచి గాలికే వచ్చింది పురుగు. మా కౌలు, మా ఏడాది కష్టం, అన్నీ ఆ రాలిన పూతతోనే పోయాయి. నాన్నా నేనూ మొక్కలు పీకి గట్టు మీద పడేస్తున్నాం. మొక్క పీకుతూనే అన్నాడాయన.

"నువ్వు చేసింది రైటేనమ్మా. నేనైతే ఆపలేకపోదును."

ఆయన చేతిలో మొక్కని వేళ్ళ మట్టి రాలేదాకా కాలికేసి కొట్టాడు.

"ఎట్టాగూ వచ్చే పురుగే గదా. ఆ రోజు రానిచ్చి ఉంటే, తింటారో తినరో అదన్నా తెలిసేది."