పంపు కింది తూటు

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ళున్నప్పుడు, మా నాన్న ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి జీపు తోలేవాడు. ఆ జీపు వాటర్ పంపు కింద చిన్న తూటు ఉండేది. అందులోంచి నీళ్ళు చుక్కచుక్కగా కారేవి. ఆరేడు మైళ్ళకోసారి బండి ఆపి, బానెట్ ఎత్తి, రేడియేటరులో నీళ్ళు పోయాలి. పంపు మార్పించమని అమ్మ పోరుతూనే ఉండేది. పత్తి సీజను అయిపోనీ అనేవాడు నాన్న.

ఆ సీజనులోనే అమ్మకు కడుపునొప్పి వచ్చింది. ఆ జీపులోనే ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయాం. దారిలో రెండుసార్లు నీళ్ళకు ఆగాం. రెండుసార్లూ చెంబు అందించింది నేనే. మర్నాడు పొద్దున అమ్మ పోయింది.

నాకు ఏడుపు రాలేదు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. చెవుల్లో దూది పెట్టుకున్నట్టు అన్నీ దూరంగా వినపడేవి. అన్నం పెడితే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. చుట్టాలు నన్ను చూసి ఎంత గట్టి పిల్లో అని మెచ్చుకున్నారు. నాన్న కూడా ఏడవలేదు. ఆయన్ను మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు, మగవాడు ఏడవకపోవడం గొప్పేమీ కాదు కదా.

నా బుర్రలో ఒక్కటే మిగిలింది. ఆ రెండుసార్లు ఆగకుండా ఉంటే అమ్మ బతికేది. పెద్ద దినం కర్మ అయిన మర్నాడు, అమ్మ బట్టలు నేసే మగ్గం కింద పడున్న ఎర్ర నూలు ఏరి, బట్టల సబ్బులో కలిపి ముద్ద చేశాను. పెట్రోలు ట్యాంకు కారితే నాన్న సబ్బు మెత్తడం నేను చూసిందే. జీపు కిందికి దూరి, ఆ ముద్దను తూటులో కూరి, పుల్లతో బిగించాను. ఆ తర్వాత చుక్క కారలేదు. నాన్న ఒకసారి వంగి చూశాడు.

ముద్ద కూరిన నాలుగో రోజు, నన్ను మా అమ్మమ్మ ఊళ్ళో వదిలిపెట్టాలని ఆదోని మీదుగా బయల్దేరాడు. ఆదోని చేరేలోపే పంపు కీచుమని అరవసాగింది, ఫ్యాను ఊగిపోతోంది. ఎలాగో మెకానిక్ షెడ్డుదాకా చేరాం. అక్కడి ముసలి మేస్త్రీని నాన్న భాయ్ అని పిలిచేవాడు. ఆయన పంపు విప్పి చూస్తే బేరింగు పాడైపోయింది. కింది తూటులో పుల్ల పెట్టి లాగితే సబ్బుముద్దతో పాటు ఎర్ర నూలు బయటికొచ్చింది. అది ఏ మగ్గందో నాన్నకు వెంటనే తెలిసింది.

నేనే పెట్టానన్నాను. ఆ రోజు నీళ్ళకు ఆగబట్టే అమ్మ పోయిందని, ఇంక ఆగే పని ఉండకూడదని పెట్టానన్నాను. నాన్న తల దించుకున్నాడు. ఆయన మనసులోనూ అదే ఉందని నాకప్పుడు తెలిసింది.

మేస్త్రీ కోప్పడలేదు. విప్పిన ఆ పాత పంపునే తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“ఈ తూటు చెడిపోయి పడింది కాదు బేటీ, చేసినోళ్ళు పెట్టిందే. లోపల నీళ్ళను ఆపే సీలు అరిగితే నీళ్ళు ఈడినుంచి బయటికొస్తాయి. అది చూసి మనం తెలుసుకోవాల. మూస్తే ఆ నీళ్ళే బేరింగులోకి పోయి దాన్ని తినేస్తాయి.”

తర్వాత నాన్న వైపు తిరిగాడు.

“ఆ పొద్దు నువ్వు ఆగకుండా తోలింటే ఇంజను నడి దోవలోనే జామయ్యేదప్పా. ఆగినావు కాబట్టే ఆయమ్మను ఆసుపత్రిదాకా చేర్చినావు.”

కొత్త పంపు బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంజను కాసేపు నడిపి ఆపాక, మేస్త్రీ నా వేలు పట్టుకుని కొత్త పంపు తూటు కింద పెట్టించాడు. పొడిగా ఉంది.

నాన్న అమ్మమ్మ ఊరి దోవ పట్టలేదు. బండిని మా ఇంటివైపే తిప్పాడు. అమ్మతో వెళ్ళినప్పుడు రెండోసారి నీళ్ళకు ఆగిన చోటికి రాగానే ఆపి, దిగి, బానెట్ ఎత్తాడు. కొత్త పంపు వేశాక నీళ్ళు పోయాల్సిన పనిలేదు. అయినా అలవాటు కొద్దీ చెంబు తీసుకుని దిగాను. బానెట్ చాటున నాన్న భుజాలు అదిరిపోయేలా ఏడుస్తున్నాడు. నాకు అప్పుడూ ఏడుపు రాలేదు. చెంబు పట్టుకుని పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి ఆ నీళ్ళతో ముఖం కడుక్కున్నాడు.

నా ఏడుపు ఏడాది తర్వాత, ఎవరిదో పెళ్ళిలో, విస్తరి ముందు కూర్చున్నప్పుడు వచ్చింది. నాన్న తన విస్తరి వదిలేసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు, ఊరుకోమని మాత్రం అనలేదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. చావు జరిగిన ఇంట్లో ఏ పిల్లనైనా గట్టి పిల్ల అని మెచ్చుకుంటుంటే నేను వంత పాడను. చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుంటాను.