అమ్ముడుపోయిన గాలులు

గాజువాకలో మా గదికి ఆదివారాలు బావ వచ్చేవాడు. వరసకు ఏమీ కాడు. ఒకే బల్ల దగ్గర ఆడీ ఆడీ బావలమైపోయాం. వాళ్ళది సముద్రంలో చేపల వేటకెళ్ళే కుటుంబం, మాది పొలాలొదిలి ఉద్యోగాలకొచ్చిన కుటుంబం. ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్ళు తలా ఒక పాత్రై, పాచికలు వేసుకుంటూ సాగే ఆట మాది. ఆ ఆట పుస్తకాన్ని ఓడలో పనిచేసే స్నేహితుడు విదేశం నుంచి తెచ్చాడు. మీసాలొచ్చిన వాళ్ళకు ఇదేం పిల్లలాటని ఇంటి ఓనరుగారు నవ్వేవారు.

ఆ పుస్తకంలో ఆట కోసం కల్పించిన లోకానికి సముద్రం లేదు. విశాఖలో ఉండి అలా ఎలా ఊరుకుంటాం? ఒక తీరాన్ని మేమే రాశాం. బావ వాళ్ళ అమ్మమ్మ ఒక్కో గాలికి తనే ఒక పేరు పెట్టి, ఇంటి కోడల్ని తిట్టినట్టు తిట్టేది. ఆ పేర్లే మా కథలో దేవతలయ్యాయి. ఇంగ్లీషులో రాసి, ఆ ఆట పుస్తకం వేసిన విదేశీ కంపెనీకి పంపితే వేస్తామన్నారు. తమ లోకంలో రాసినదంతా తమదేనన్న షరతు మీద మా ఇద్దరి సంతకాలూ తీసుకున్నారు. ఆ రోజు పూర్ణా మార్కెట్లో స్వీట్లు కొన్నాం.

అచ్చుకు వెళ్ళకముందే ఆ కంపెనీ తన ఆటల హక్కులన్నీ మరో కంపెనీకి అమ్మేసింది. బావ కంగారుపడలేదు. వాళ్ళ పేటలో పడవ చేతులు మారితే వలలు వెంట వెళ్ళవు, వాటి బేరం వేరు.

"పడవమ్మేసేరు. వల మనదే కదేటి," అన్నాడు.

నాకూ అది న్యాయంగానే తోచింది. మా తీరాన్ని తెలుగులో మేమే అచ్చువేసుకుంటామని నెట్ సెంటర్ నుంచి కొత్తవాళ్ళకు రాశాను.

కుదరదన్నారు. రాతతో పాటు పేర్లూ తమకే వచ్చేశాయట. నాకు ఒళ్ళు మండింది. బావ వాళ్ళ అమ్మమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

"మా అమ్మమ్మ గాలుల్ని నానే అమ్మేసేను," అన్నాడు బావ.

తరవాత చాలా ఆదివారాలు బల్ల ఖాళీగానే ఉంది.

కొన్నాళ్ళకు కొత్తవాళ్ళే మళ్ళీ రాశారు. కంపెనీ చేతులు మారడంలో మా రాతప్రతి ఎక్కడో పోయిందట. అది తమ ఆస్తి కనుక ఇంకో ప్రతి పంపమని మర్యాదగానే అడిగారు. నేను బావ ఇంటికెళ్ళి సంగతి చెప్పాను. వాడు రెండోసారి చెప్పించుకున్నాడు.

"అయితే ఆ పేర్లు ఆళ్ళకాడ నేవా?"

లేవన్నాను.

"నాకాడున్నాయి," అన్నాడు. "పంపకు బావా."

పంపలేదు. ఆ ఆదివారం బావ పాచికలు పట్టుకుని వచ్చాడు.